అడ్డు నిలిచిన ఉడుత

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సమావేశములో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ వేదికమీదినుండి పరీక్షా ఫలితములను గూర్చియు, పిల్లల హాజరును గూర్చియు చెప్పుట నాకు వాడుక. ఆ లెక్కలన్నియు కార్యదర్శిగారి నివేదికలో వచ్చినవి గనుక మరల చెప్పి మీ కాలమును హరింపను. నేడు నేనొక వీడియో ఆటను గూర్చి మాటాడబోవుచున్నాను. ముందు వరుసలో పెద్దలు కొందరు ఒకరి మొగమొకరు చూచుకొనుచున్నారు. ఆరు మాసముల క్రిందట ఎవరైన నాతో ఇట్టి మాట అనియుండినచో నేనును అట్లే చూచియుందును.

జరిగినది ఇది. తొమ్మిదవ తరగతిలో ఒక బాలునివద్ద, లెక్కల పుస్తకము చాటున, ఒక నోటుపుస్తకము నాకు దొరకినది. దానినిండ అంకెలు. 167, 41, 252 అనియు, "సగములో సగము" అనియు, "ముందు ఎవరు?" అనియు పుటలకొలది వ్రాసియుండెను. క్రికెట్టు పందెముల సంగతులు పత్రికలలో చదువుచున్నవాడను గనుక ఇదియు అట్టిదే యని నిశ్చయించితిని. పుస్తకము తీసికొని, వాని తండ్రిగారిని పిలిపించితిని. ఆయన ఇంటికి పోయి వాని ఫోనును బీరువాలో పెట్టి తాళము వేసెను. బాలుడు మారు పలుకలేదు. వారము దినములైన పిదప నా గదికి వచ్చి, గుమ్మము దగ్గరనే నిలిచి, "మాస్టారూ, పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి. కాని అది పందెం కాదండి. అది ఉడుత లెక్క" అనెను.

ఉడుత లెక్క యేమిటని అడిగితిని. వాడు చెప్పుటకు మూడు సాయంకాలములు పట్టినది. వినుచున్నకొలది నేను తొందరపడితినని తెలిసికొంటిని. తండ్రిగారితో ఆ మాట చెప్పి క్షమింపుమని కోరితిని. అంతటితో ముగియవలసినదే గాని, వాని ఫోను బీరువాలోనికి పోయిన సంగతి విని మీలో మరి నలుగురైదుగురు తమ పిల్లల ఫోనులకు కూడ అదే గతి పట్టించితిరని తెలియవచ్చినది. తప్పు నాచేత మొదలైనది గనుక, ఆ లెక్క యేమో మీ యందరి యెదుట చెప్పు బాధ్యతయు నాదే.

ఆ ఆట పేరు పోకెమాన్. 1996లో జపాను దేశమున పుట్టినది. "జేబులోని భూతములు" అను అర్థమిచ్చు రెండు ఆంగ్ల పదములను కత్తిరించి అతికిన పేరది. భూతములనగా మన చింతచెట్టు భూతములు కావు. కొన్ని పాములవలెను, కొన్ని పక్షులవలెను, కొన్ని పుట్టగొడుగులవలెను ఉండు కల్పిత జంతువులు. నేటికి వేయికి పైగా జాతులు కలవు. నీరు, నిప్పు, విద్యుత్తు, రాయి మొదలుగా వాటికి రకములు కలవు. 2013నుండి ఆ రకములు పదునెనిమిది. నీరు నిప్పును గెలుచును. విద్యుత్తు నీటిని గెలుచును. నేలకు విద్యుత్తు అంటనే అంటదు. ఇంతవరకు చిన్నపిల్లల ఆట. పెద్ద పోటీలలో ఆడునది వేరు.

2009నుండి ఈ ఆటకు ప్రపంచస్థాయి పోటీలు నడుచుచున్నవి. 2020, 2021 సంవత్సరములలో మాత్రము మహమ్మారి కారణమున జరుగలేదు. ఆ పోటీలలో జంతువులు ఒకటికొకటి కాక, జంటకు జంట తలపడును. ఆటగాడు ఆరు జంతువులతో వచ్చును. ఎదుటివాని ఆరింటిని చూచిన పిదప తన ఆరింటిలో నాలుగింటిని ఎన్నుకొనును. ఆ నాలుగింటిలో రెండు రంగమున నిలుచును. రెండు వెనుక వేచియుండును. ఒక్కొక్క జంతువునకు నాలుగు విద్యలే యుండును. ప్రతి వంతునందును ఆటగాండ్రిద్దరును ఒకరికి తెలియకుండ ఒకరు తమ ఆజ్ఞలిచ్చి ముగించిన తరువాతనే అవి యన్నియు జరుగును. ఈ కడపటి నియమమును మాత్రము గుర్తుంచుకొనుడు. చదరంగములో ఎదుటివాడు ఎత్తు వేసిన పిదప, దానిని చూచి, మనము ఎత్తు వేయుదుము. ఇక్కడ చూచుటకు వీలులేదు. వాడేమి చేయునో ఊహించియే మనము చేయవలెను. వాడును మన యూహను ఊహించుచుండును.

రంగములోని రెండు జంతువులును కలసి ఒక్కదానినే కొట్టవచ్చును. అట్లు కొట్టినచో ఎంత బలముగలదైనను తన వంతు రాకముందే కూలిపోవచ్చును. అందుచేత ఎవనికైనను మొదట తోచు ఉపాయమేమనగా, గట్టిగా కొట్టగల నాలుగింటిని ఏరుకొని, ఎదుటివానికంటె ముందుగా కొట్టుట. మా బాలుడును మొదట అట్లే ఆడెనట. అయితే ఇట్టి ఆటలో మరియొక తెగ జంతువులు కలవు. అవి పెద్దగా కొట్టలేవు. కొట్టువాని దారికి అడ్డుపడును. వాని లెక్క తప్పించును. వేగము గలదానిని కుంటిదానిని చేయును. ఈ సందులో ప్రక్కనున్న తన జోడీ పని చక్కబెట్టుకొనును. వీటికి బాలుడు పెట్టిన పేరు "అడ్డుపుల్లలు". ఇంతకంటె మంచి పేరు నాకును తోచలేదు.

అడ్డుపుల్లలలో పేరెన్నిక గన్నది ఒక ఉడుత. దాని పేరు పచిరిసు. 2006లో వెలువడిన డైమండ్, పెర్ల్ అను ఆటలలో అది మొదట కనబడినది. జపాను భాషలో రిసు అనగా ఉడుత. పచిపచి యనునది మనము చిటపట యనునట్టి ధ్వని. తెల్లని మేను, నీలిచార, పసుపుపచ్చని బుగ్గలు. ఎత్తు నలుబది సెంటీమీటర్లు, బరువు నాలుగు కిలోలకు నూరు గ్రాములు తక్కువ. ఉడుత అనగానే మనకు సేతువును గూర్చిన కథయు, ఉడుతా భక్తి యను మాటయు స్ఫురించును. నేనును బాలునితో ఆ మాటయే అంటిని. వాడు తల అడ్డముగా త్రిప్పి, "ఇది ఇసుక మోసే ఉడుత కాదండి, దారికి అడ్డంగా కూర్చునే ఉడుత" అనెను.

జంతువు బలమును ఆరు అంకెలలో చెప్పుదురు: ప్రాణబలము, దాడి, రక్షణ, ప్రత్యేక దాడి, ప్రత్యేక రక్షణ, వేగము. పచిరిసుకు ఇవి వరుసగా 60, 45, 70, 45, 90, 95. మొత్తము 405. ఆ కాలమున పోటీలలో తరచుగా కనబడుచుండిన గార్‌చోంప్ అను డ్రాగన్‌కు మొత్తము 600. దాడి ఒక్కటియే 130. మార్కుల పట్టికవలె చూచినచో ఈ ఉడుతను ఎవరును పై తరగతికి పంపరు. నేనును పంపియుండను.

2014 ఆగస్టు 16, 17 తేదీలలో అమెరికా రాజధాని వాషింగ్టనులో ప్రపంచ పోటీలు జరిగినవి. దక్షిణ కొరియాకు చెందిన సేజున్ పార్క్ అను ఆటగాడు తన ఆరింటిలో ఒకటిగా ఈ ఉడుతను తెచ్చెను. తక్కిన యైదును గ్యారడోస్, గార్‌చోంప్, టాలన్‌ఫ్లేమ్, గార్డివోర్, గోథిటెల్. అన్నియు పేరుమోసిన జంతువులే. వాటి నడుమ ఈ ఉడుత యెందుకు? దీనికి సమాధానము దాని నాలుగు విద్యలలో కలదు.

మొదటిది "ఫాలో మీ". నన్ను వెంబడించుడని అర్థము. ఉడుత ఈ విద్యను ప్రయోగించిన వంతునందు, ఎదుటి రెండు జంతువులును గురిపెట్టి కొట్టు దెబ్బలు, ప్రక్కనున్న జోడీపై గురిపెట్టినవైనను, ఉడుతమీదికే మరలివచ్చును. ఇది మామూలు దెబ్బలన్నిటికంటె ముందుగా జరుగు విద్య గనుక వేగముతో పనిలేదు. మన చెడుగుడులో, కూతకు వచ్చినవానిని తనవైపునకు ఆశపెట్టి లోపలికి లాగువాడొకడుండును. వానిని తాకబోయి ప్రక్కవాని చేతికి చిక్కుదురు. వాడు పట్టిన పట్లు తక్కువే. వాడు లేనినాడు జట్టు ఏమగునో ఆడినవారికి తెలియును.

రెండవది "నజల్". బుగ్గతో రాయుట. దెబ్బ యేమియు లేనట్టిదే. దాని బలము 20. కాని తగిలినచో ఎదుటి జంతువునకు పక్షవాతము తప్పదు. ఆ కాలపు నియమముల ప్రకారము వేగము నాలుగవ వంతునకు పడిపోయెడిది. తరువాతి ఆటలలో దానిని సగమునకు సవరించిరి. అదియుగాక ఆ కాలమున పక్షవాతము తగిలినది నాలుగు వంతులలో ఒక వంతు కదలలేక నిలిచిపోవుట కలదు. ముందు కొట్టుదమని వేగమును నమ్ముకొన్నవాని పని దీనితో సరి.

మూడవది "సూపర్ ఫాంగ్". ఎదుటిదానికి మిగిలియున్న ప్రాణబలములో సగము కొరికివేయును. 200 ఉన్నది 100 అగును. మరల కొరికినచో 50 అగును. దీనిలోని విశేషమేమనగా, కొరుకుదాని బలముతో నిమిత్తము లేదు. దాడి 130 గలది కొరికినను సగమే, 45 గలది కొరికినను సగమే. ఉడుతకు తక్కువైన చోట ఉడుతకు నష్టము లేని విద్యను ఎంచి యిచ్చినాడన్నమాట. "సగములో సగము" అని నోటుపుస్తకములో వ్రాసికొన్నది దీనినే. నాలుగవది "ప్రొటెక్ట్", ఒక వంతు దెబ్బ తగులకుండ కాచుకొనుట. ఇది దాదాపు అందరికిని కలదు గనుక విస్తరింపను.

విద్యలకు తోడు ప్రతి జంతువునకు ఒక సహజ గుణముండును. ఈ ఉడుతకు అతడు ఎంచుకొన్న గుణము "వోల్ట్ అబ్సార్బ్". విద్యుత్తుతో కొట్టినచో దానికి నొప్పి కలుగదు. పైపెచ్చు ప్రాణబలములో నాలుగవ వంతు పెరుగును. ఒంటరిగా చూచినచో ఇది గొప్ప సంగతి కాదు. దాని ప్రక్కన గ్యారడోసును నిలిపి చూడుడు.

గ్యారడోస్ పెద్ద నాగుపామువంటి భయంకర జంతువు, దాడి 125. అది నీటి రకము, ఎగురు రకము రెండును. విద్యుత్తు ఈ రెంటిని బాధించునది గనుక, దానికి విద్యుత్తు దెబ్బ నాలుగింతలై తగులును. మెగా రూపము ధరించిన పిదప కూడ రెండింతలు తగులును. గ్యారడోసును చూచిన ప్రతివాడును మొదట వెదకుకొను ఆయుధము విద్యుత్తే. ఇప్పుడు ఎదుటివాని యవస్థ చూడుడు. విద్యుత్తును ప్రయోగించినచో ఉడుత పిలిచి, మ్రింగి, మరికొంత బలియును. ప్రయోగింపకున్నచో గ్యారడోస్ నిశ్చింతగా కొట్టును. చేతిలో నున్నవాటిలో శ్రేష్ఠమైన ఆయుధము ఇప్పుడు తీయరాని ఆయుధమైనది. ఉడుత ఇంకను ఏమియు చేయలేదు, అక్కడ నిలిచినదంతే.

దెబ్బలను తనవైపునకు పిలుచు జంతువులు ఇతరములు లేవా యని నేనడిగితిని. కలవు. అమూంగస్ అను పుట్టగొడుగు కలదు. అది దుమ్ము చల్లి పిలుచును; కాని 2013నుండి గడ్డి రకము జంతువులకు ఆ దుమ్ము అంటదు; కండ్లద్దములవంటి ఒక వస్తువును ధరించినవాటికిని అంటదు. టోగెకిస్ అను పక్షియు పిలువగలదు. కాని దానికి విద్యుత్తు దెబ్బ స్వయముగా రెండింతలు. గ్యారడోసును విద్యుత్తునుండి కాపాడుటకు విద్యుత్తుకు వెరచు పక్షిని పెట్టినచో లాభమేమి? అందరును వదలినదానిని వింతకొరకు ఎత్తుకొన్నాడని చాలమంది అనుకొనిరి. అతడు ఎత్తుకొన్నది వింతకొరకు కాదు. తన గ్యారడోస్ ప్రక్కన ఇమిడినది అదియే గనుక.

ఇక 167 మాట. ప్రతి జంతువునకు శిక్షణరూపమున 510 అంకెలవరకు పంచి యీయవచ్చును. ఒక్కొక్క బలమునకు 252 మించరాదు. పోటీలలో అన్నిటిని 50వ స్థాయిలో నిలుపుదురు. ఉడుత ప్రాణబలమునకు 252 ఇచ్చినచో అది 167 అగును. దానిలో నాలుగవ వంతు 41. విద్యుత్తును మ్రింగినపుడు వచ్చునది 41; ప్రాణబలము సగమునకు దిగినపుడు తినుటకు ఉడుత చేతిలో నుంచిన సిట్రస్ పండు ఇచ్చునదియు 41. నేను పందెముల లెక్కలనుకొన్న మూడంకెలు ఇవి. భాగహారమును ఎన్నడును పూర్తిగా చేయని బాలుడు 167ను నాలుగుచేత భాగించి, శేషమును వదలవలెనని తెలిసికొని వ్రాసినాడు.

తుది పోటీలో ఎదుటివాడు అమెరికా దేశస్థుడు. అప్పటి ఆట చిత్రము నేటికిని లభించును. బాలుడు నాకు చూపెను. మాటలు నాకంతగా అర్థము కాలేదు గాని, ఒక ఘట్టములో జనము లేచి కేకలు వేయుట చూచితిని. ఎదుటి పక్షపు డ్రాగన్ "డ్రాకో మీటియర్" అను దెబ్బను విసరెను. దాని బలము 130. నజల్‌కు ఆరింతలకంటె ఎక్కువ. ఆకాశమునుండి ఉల్కలు పడినట్లు చూపుదురు. ఆ దెబ్బకొక షరతు కలదు: కొట్టినదాని ప్రత్యేక దాడి ఆ వెంటనే సగమునకు దిగిపోవును. కావున దానిని తగినచోటనే వాడవలెను. ఉడుత ఆ దెబ్బను తనమీదికి లాగుకొన్నది. ధూళి అణగిన పిదప చూడగా, ఉడుత కూలలేదు, నిలిచియున్నది.

ఉడుత కూలియుండినను లెక్క పెద్దగా మారదని బాలుని వాదము. ఆ దెబ్బ పడవలసినచోట పడలేదు. కొట్టినది సగము బలముతో మిగిలినది. ఉడుత జోడీ గాయము లేకుండ నున్నది. నిలిచినందుకు జనము కేకలు వేసిరి గాని, పని మాత్రము దెబ్బ మరలినపుడే ముగిసినది. సేజున్ పార్క్ ఆ దినమున ప్రపంచ విజేత యయ్యెను. ఆ ఉడుత ప్రతిరూపమును తరువాత ఆటగాండ్రకు కానుకగా కూడ పంచిపెట్టిరి.

మా బాలుడు ఆ చిత్రమును చూచియే ఉడుతను చేర్చుకొన్నాడు. ఆడునది పోకెమాన్ షోడౌన్ అను చోట; అది డబ్బు పెట్టనక్కరలేని ఉచితమైన ఆట. అయితే చేర్చుకొన్న మొదటి మాసమంతయు వరుసగా ఓడిపోయెను. ఈ ఓటముల పుటలు నాకు గెలుపుల పుటలకంటె నచ్చినవి. వాడు ప్రతి ఆటలోను ఉడుతను దింపెను. ప్రతి వంతునందును "నన్ను వెంబడించుడు" అనిపించెను. ఎదుటివారు మూడు విధముల కొట్టిరి. ఒకటి, రాళ్లు దొరలించు "రాక్ స్లైడ్", భూమి కంపింపజేయు "ఎర్త్‌క్వేక్" వంటివి గురిపెట్టి కొట్టునవి కావు. ఒకేమారు ఇద్దరిమీద పడును. వాటిని పిలిచి మరల్చుట ఉడుతకు సాధ్యము కాదు. భూకంపము విద్యుత్తు జంతువునకు రెండింతలు కూడ. రెండు, "టాంట్" అని రెచ్చగొట్టు విద్య యొకటి. అది తగిలినచో మూడు వంతులవరకు కొట్టుట తప్ప మరేమియు చేయరాదు. కొట్టుట చేతగానిదానికి అంతకంటె శిక్ష యేమి? మూడు, "ఫేక్ ఔట్" అని చప్పట్లు చరచి ఉలికిపడజేయునది. అది ఫాలో మీకంటె ముందే జరుగును గనుక ఉడుత నోరు తెరువకముందే మూతపడును.

మొదటి పుటలలో ప్రతి ఆట క్రిందను "ఉడుత ఏమి చేసింది?" అను శీర్షికతో ఒక గడి కలదు. ఆ గడులలో చాలవరకు సున్నలు. ఒకటి రెండు చోట్ల "చచ్చింది" అని వ్రాసి గీటు పెట్టినాడు. పదునెనిమిదవ పుటలో ఆ శీర్షికను కొట్టివేసి, దానిపై వేరొక సిరాతో "ఎదుటివాడు ఏమి చెయ్యలేకపోయాడు?" అని వ్రాసినాడు. అక్కడనుండి గడులు నిండుట మొదలిడినవి. "వాడు పిడుగు వెయ్యలేకపోయాడు." "వాడు రెండు వంతులు ఉడుతనే కొట్టాడు, మనవాడు బ్రతికాడు." "వాడు వేగం పోయి వెనక్కి తీసుకున్నాడు." ఇరువదియారవ పుటలో "ఈ ఆటకి ఉడుత వద్దు, వాడి దగ్గర రెండు రాళ్లు ఉన్నాయి" అని యున్నది. ఆ దినమున ఉడుతను వెనుకనే కూర్చుండబెట్టి గెలిచినాడు. నలుబదేండ్ల నాటి నా విద్యార్థి దశనుండి నేటివరకు నేను చూచిన ప్రగతి పత్రములలో ఆ రెండవ శీర్షిక వంటి గడిని చూడలేదు. దానిని చేర్చినచో ఏమి వ్రాయవలెనో కూడ నాకు తెలియదు.

తండ్రిగారు ఫోనును తిరిగి యిచ్చినారు; ఆదివారమునాడు రెండు గంటలు మాత్రమే యను కట్టడితో. ఆ కట్టడి న్యాయమైనదని నా యభిప్రాయము. రాత్రి పదకొండు గంటలవరకు ఉడుతను ఆడించినవాడు ఉదయము నా తరగతిలో నిద్రించును. ఆ నిద్రను ఏ ఉడుతయు తనమీదికి లాగుకొనజాలదు. ఆయన ఇప్పుడు ప్రక్కన కూర్చుండి చూచుచున్నారట. మొన్న నాతో, "ఉడుత చచ్చిపోయినా వీడు గెలిచామని గంతులేస్తాడేమిటండీ!" అని ఆశ్చర్యపడిరి. ఉడుత చచ్చిన వంతునందు ఎదుటివాని దెబ్బలెన్ని ఖర్చయినవో లెక్కించుమని చెప్పితిని. మరుసటి వారము వచ్చి, "రెండూ దానికే ఖర్చయ్యాయి" అనిరి.

అడ్డుపడుటలో అన్నియు ఒక్క తీరువి కావని కూడ చెప్పవలెను. లేనిచో నేను అడ్డుపుల్లల పక్షము వహించితినని మీరనుకొందురు. స్మియర్‌గిల్ అను జంతువొకటి కలదు. అది చిత్రకారుడు, ఇతరుల విద్యలను చూచి దాదాపు దేనినైనను నేర్చుకొనగలదు. అది "డార్క్ వాయిడ్" అను విద్యను నేర్చి, ఎదుటి రెండు జంతువులను ఒక్కమారే నిద్రపుచ్చుచుండెను. నూటికి ఎనుబది మారులు ఆ విద్య తగిలెడిది. నిద్ర మూడు వంతులవరకు సాగెడిది. 2016 పోటీలలో ఈ బెడద మిక్కుటమైనది. నిద్రలో నున్నవాని పక్షమున ఆలోచించుటకేమున్నది? మెలకువ వచ్చునా రాదా యని పాచిక వేసినట్లు చూచుచుండుటయే. ఆ సంవత్సరాంతమున వచ్చిన క్రొత్త ఆటలలో దాని నూటికి ఎనుబదిని ఏబదికి తగ్గించి, ఆ విద్య మొదట ఎవరిదో ఆ డార్క్‌రై తప్ప మరెవరు ప్రయోగించినను ఫలింపదని శాసించిరి. మంచిపనియే చేసిరి. ఉడుతను మాత్రము ఎవరును శాసింపలేదు. ఉడుతకు అడ్డు తగులుటకు మూడు దారులున్నవని ఇంతకుముందే చెప్పితిని. ఎదుటివాడు బుద్ధిని ఉపయోగించినచో ఉడుత ఓడును. స్మియర్‌గిల్ యెదుట బుద్ధి గలవాడును లేనివాడును ఒక్కటే.

మూడవ సాయంకాలమున బాలుడు నన్నును ఆడుమనెను. ఉడుతను, గ్యారడోసును నాకిచ్చెను. ఇంత విన్నవాడను గనుక ధైర్యముగా ఉడుతచేత పిలిపించితిని. వాడు రాళ్లు దొరలించెను. రెండవ వంతునందును పిలిపించితిని. మరల రాళ్లే. మూడవ వంతునకు నావద్ద ఉడుతయు లేదు, పామును లేదు. "మాస్టారూ, నా దగ్గర రాళ్లున్నాయని ముందే చూశారు గదా" అనెను. నిజమే, ఆరింటిని ముందుగా చూపుదురని మీకు నేనే చెప్పితిని.

నోటుపుస్తకము ఇంకను నా బల్లమీదనే యున్నది. వాడు అడుగలేదు, నేను ఈయలేదు. కడపటి పుటలో ఒక ప్రశ్న వ్రాసి, క్రింద చోటు వదలినాడు. దానిని చదివి విరమించెదను. "ఉడుత పిలుస్తుందని వాడికి తెలిస్తే కొట్టడు. వాడు కొట్టడని మనకి తెలిస్తే పిలవక్కరలేదు. పిలవమని వాడు అనుకుంటే?" తరువాత ఏమియు లేదు. నాకును తోచలేదు. మీలో ఎవరికైనను తోచినచో, సభ ముగిసిన పిదప వాడు వెనుక వసారాలో మంచినీళ్లు అందించుచుండును, వానితోనే చెప్పుడు.